ప్రమోషన్ వచ్చింది, ఇప్పుడు నేను ప్రేమిస్తున్న అబ్బాయి నాకే రిపోర్ట్ చేయాలి. ఆఫీసులో చెప్పాలా వద్దా?

మ్యూట్‌లో_ఉన్నా:

అందరికీ హాయ్. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఈసారి తప్పట్లేదు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నేనూ తనూ ఒకే టీమ్. మేం ప్రేమలో పడి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ ఇద్దరిదీ ఒకే లెవెల్, ఒకే మేనేజర్ కింద ఉన్నాం, కాబట్టి ఎవరికైనా చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఆఫీసులో మామూలుగానే ఉంటాం, లంచ్‌కి కూడా గ్యాంగ్‌తోనే వెళ్తాం, మా ఇద్దరమే పక్కకెళ్లి మాట్లాడుకోవడం లాంటివి ఏమీ ఉండవు. ఒకరిద్దరికి డౌట్ ఉందేమో తెలీదు, ఉన్నా ఎవరూ అడగలేదు.

ఇప్పుడొచ్చిన చిక్కేంటంటే మా మేనేజర్ వేరే ప్రాజెక్ట్‌కి వెళ్లిపోతున్నారు, లీడ్‌గా నన్ను వేస్తున్నారు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి తను నాకే రిపోర్ట్ చేయాలి. అంటే తన లీవులు అప్రూవ్ చేసేది నేనే, ఏ పని ఎవరికివ్వాలో చూసేది నేనే, ఇంకో రెండు నెలల్లో అప్రైజల్ రేటింగ్ వేసేదీ నేనే, ఆ రేటింగ్‌ని బట్టే జీతం హైక్.

తనేమో అప్రైజల్ అయ్యేదాకా ఆగి అప్పుడు చెబ్దాం అంటున్నాడు. ఇప్పుడు చెప్తే నిన్నేం చేయరు, నన్నే ఎత్తి ఇంకో టీమ్‌లో పడేస్తారు, ఈ ప్రాజెక్ట్ మొదటి రోజు నుంచి చూసుకుంటోంది నేను అంటాడు. అది నిజమే, కాదనను. కానీ నేను తనకి మంచి రేటింగ్ వేశాక మా సంగతి బయటపడితే ఆ రేటింగ్‌కి విలువేం ఉంటుంది? పోనీ ఎవరూ ఏమీ అనకూడదని ఒక మెట్టు తగ్గించి వేస్తే అది తనకి అన్యాయం కదా, నిజానికి టీమ్‌లో బాగా చేసే ఇద్దరు ముగ్గురిలో తనొకడు. వారం నుంచి ఇదే గొడవ మా మధ్య.

చెప్పాలా వద్దా, చెప్తే ముందు ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి? ఇలాంటిది చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

విసుగు_విక్రమార్కుడు:

చెప్పకండి. సింపుల్. మీ పర్సనల్ లైఫ్ కంపెనీకి ఎందుకు? హెచ్ఆర్ అంటే మన ఫ్రెండ్ అనుకుంటారు అందరూ, వాళ్లు కంపెనీ మనుషులు. మా ఫ్లోర్‌లో ఒక జంట పెళ్లి కార్డు చేతికిచ్చేదాకా ఎవరికీ తెలీదు, ఆకాశం ఏం ఊడిపడలేదు. మీ ఆయన, అదే కాబోయే ఆయన, చెప్పిందే కరెక్ట్. రెండు నెలలు నోరు మూసుకుంటే అయిపోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకండీ.

పాత_హెచ్ఆర్:

విక్రమార్కుడు గారూ, మీ ఫ్లోర్‌లో ఆ జంటలో ఒకరి జీతం ఇంకొకరు డిసైడ్ చేశారా? చేయలేదంటే అది వేరే కథ, ఇది వేరే కథ. ఇక్కడ అసలు సమస్య ప్రేమ కాదు, రిపోర్టింగ్.

నేను చాలా ఏళ్లు హెచ్ఆర్‌లో చేసి ఇప్పుడు బయటికొచ్చేశాను కాబట్టి కొంచెం ఫ్రీగా చెప్పగలను. బయటివాళ్లు అనుకునేదేంటంటే, చెప్పగానే ఇద్దర్నీ రూమ్‌లో కూర్చోబెట్టి ఎప్పుడు మొదలైంది ఎలా మొదలైంది అని అడుగుతారని. అలాంటిదేం ఉండదు, ఎవరైనా అలా అడిగితే మీరు సమాధానం చెప్పక్కర్లేదు కూడా. హెచ్ఆర్‌కి కావాల్సింది రెండే. ఒకటి, ఇద్దరికీ ఇష్టమేనా, ఎవరి మీదా ఒత్తిడి లేదు కదా. ఇది ఇద్దర్నీ విడివిడిగా అడుగుతారు, కింద ఉన్నవాళ్లని కాస్త ఎక్కువ జాగ్రత్తగా అడుగుతారు, ఎందుకంటే పైనున్న వాళ్లతో కాదనడం అంత ఈజీ కాదు. రెండోది, ఒకరి జీతం, రేటింగ్, ప్రమోషన్, లీవు, ఖర్చుల బిల్లులు, వీటిలో దేని మీదైనా ఇంకొకరి సంతకం పడుతుందా. పడుతుందంటే ఆ సంతకం వేరేవాళ్లకి మార్చేస్తారు. చాలా కంపెనీల్లో దీనికి ఒక డిక్లరేషన్ ఫారం ఉంటుంది. చుట్టాలు ఒకే చోట పనిచేస్తున్నా, సొంతవాళ్ల కంపెనీకి కాంట్రాక్ట్ ఇస్తున్నా నింపే ఫారమే ఇది కూడా. కొన్ని చోట్ల ఇద్దరితో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, ఇది మా ఇష్టంతోనే, వేధింపుల పాలసీ మేం చదివాం, విడిపోయినా పని దగ్గర గొడవ చేయం అని. వినడానికి వింతగా ఉంటుంది గానీ రేపు ఏదైనా తేడా వస్తే ఆ కాగితం ఇద్దర్నీ కాపాడుతుంది.

ఇక మీ విషయం. ముందు మీ కంపెనీ పాలసీ తీసి చదవండి, ప్రవర్తనా నియమావళిలో ఉంటుంది, చేరిన రోజు చదవకుండా టిక్ పెట్టేస్తామే అదే. కొన్ని చోట్ల కొలీగ్స్ మధ్య అసలు పట్టించుకోరు, కొన్ని చోట్ల మేనేజర్‌కీ వాళ్ల కిందవాళ్లకీ మధ్య పూర్తిగా నిషేధం. నిషేధం ఉన్న చోటైతే ఒకటో తారీకు దాటాక చెప్పడమంటే రూల్ తప్పాక చెప్పడం. ఇప్పుడు చెప్తే మీరు ఏ రూలూ తప్పలేదు, ఎందుకంటే ఈ రోజుకి తను మీకు రిపోర్ట్ చేయట్లేదు. ఈ తేడా చిన్నది కాదండీ.

ఇంకోటి, చెప్పేది మీరే అయ్యుండాలి. చాలా చోట్ల ఇద్దరిలో పై పోస్టులో ఉన్నవాళ్ల మీదే ఆ బాధ్యత ఎక్కువ ఉంటుంది, తనతో చెప్పించకండి.

డెడ్‌లైన్_దాసు:

పైన చెప్పినదానికి నాదో చిన్న యాడ్. పెద్ద పెద్దవాళ్లని కూడా ప్రేమించడం కంటే దాచడమే ఎక్కువ ముంచింది.

మెక్‌డొనాల్డ్స్ సీఈఓ స్టీవ్ ఈస్టర్‌బ్రూక్‌ని 2019 నవంబర్‌లో తీసేశారు, ఒక ఉద్యోగితో సంబంధం ఉందని, అది కూడా ఇద్దరి ఇష్టంతోనే. అప్పుడైతే మర్యాదగా సెటిల్‌మెంట్ ఇచ్చి పంపించారు. తర్వాత ఇంకో ముగ్గురు ఉద్యోగుల సంగతి దాచాడని కంపెనీ 2020లో కేసు వేసింది, 2021 డిసెంబర్‌లో పది కోట్ల డాలర్ల పైనే వెనక్కి కట్టాడు. ఇందులో నాకు భలే అనిపించిన పాయింట్ ఏంటంటే, ఫోన్‌లో మెయిల్స్ డిలీట్ చేసేశాడు గానీ అవి కంపెనీ సర్వర్‌లో అలాగే కూర్చున్నాయి. సో ఆఫీస్ లాప్‌టాప్‌లో ఆఫీస్ చాట్‌లో మీ ముద్దు ముచ్చట్లు ఉంటే ఈ రోజు నుంచే ఆపేయండి, అది మీ చాట్ కాదు కంపెనీ చాట్.

బీపీ సీఈఓ బెర్నార్డ్ లూనీది ఇంకా క్లియర్. 2022లో బోర్డు అడిగినప్పుడు కొలీగ్స్‌తో పాత సంబంధాలు కొన్ని చెప్పాడు, అన్నీ చెప్పలేదు, 2023 సెప్టెంబర్‌లో అది ఒప్పుకుని రాజీనామా. నెస్లే సీఈఓ లోరాన్ ఫ్రేక్స్ సీట్లో కూర్చుని ఏడాది, తన కింద నేరుగా పనిచేసే ఆవిడతో సంబంధం చెప్పలేదని 2025 సెప్టెంబర్‌లో పంపించేశారు.

అలాగని అన్నీ ఇలాగే అవుతాయని కాదు. ఒబామా, మిషెల్ కలిసింది ఆఫీసులోనే, 1989లో ఒక లా ఫర్మ్‌లో సమ్మర్ జాబ్‌కి ఆయనొస్తే ఆయనకి మెంటార్‌గా వేసింది ఈవిడనే. డేట్‌కి పిలిస్తే బాగోదని మొదట ఒప్పుకోలేదు ఆవిడ. 1992లో పెళ్లయింది.

విసుగు_విక్రమార్కుడు:

@డెడ్‌లైన్_దాసు బ్రో పోస్టు పెట్టినావిడ టీమ్ లీడ్, సీఈఓ కాదు. బోర్డు కూర్చుని ఎంక్వైరీ వేస్తుందా ఏంటి. కోట్ల డాలర్లతో భయపెడితే ఎలా.

డెడ్‌లైన్_దాసు:

సీఈఓకి సెటిల్‌మెంట్ అయినా వస్తుంది, టీమ్ లీడ్‌కి అదీ రాదు 😄

నాలుగో_కుర్చీ:

ఇక్కడ అందరూ ఆ ఇద్దరి వైపు నుంచే మాట్లాడుతున్నారు, మిగిలిన టీమ్ సంగతి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. పాత ఉద్యోగంలో మా లీడ్, మా టీమ్‌లోనే ఒకమ్మాయి, ఇద్దరూ కలిసి ఉండేవాళ్లు, అధికారికంగా ఎవరికీ తెలీదు, నిజానికి అందరికీ తెలుసు.

ఇద్దరూ మంచోళ్లే, అది ముందే చెప్పాలి. లీడ్ ఎప్పుడూ ఆ అమ్మాయిని వెనకేసుకొచ్చింది లేదు, ఇంకా చెప్పాలంటే అందరి ముందు ఆమెతోనే ఎక్కువ కటువుగా మాట్లాడేవాడు, బహుశా డౌట్ రాకూడదనేమో, పాపం. అయినా మాకు మంట ఎక్కడొచ్చేదంటే, పొద్దున మీటింగ్‌లో ఏదో ఒక విషయం, దీన్ని ఇలా చేద్దామా అలా చేద్దామా అని మేం నలుగురం బుర్ర బద్దలుకొట్టుకుంటుంటే మధ్యలో ఆ అమ్మాయి నోట్లోంచి వచ్చేసేది, "అది కాదుగా, రెండోదే కదా చేద్దాం అనుకున్నాం" అని. ఎప్పుడు అనుకున్నారు? ఎవరితో అనుకున్నారు? రాత్రి ఇంట్లో. ఒక్క సెకను అందరం సైలెంట్, లీడ్ స్క్రీన్ వంక చూసేవాడు, తర్వాత రెండోదే ఫైనల్ అయ్యేది. అది మంచి నిర్ణయమే అయ్యుండొచ్చు కూడా. కానీ ఆ తర్వాత మీటింగుల్లో నేను నోరు తెరవడం మానేశాను, ఎందుకు తెరవాలి, రాత్రే అయిపోయింది కదా.

ఇంకోటి, లీడ్ మీద నాకేదైనా కంప్లైంట్ ఉంటే టీమ్‌లో ఎవరితోనూ అనలేను, ఆ అమ్మాయి చెవిన పడితే ఆయన దాకా వెళ్తుందని. వెళ్లేదో లేదో నాకు తెలీదు. ఆ భయం చాలు కదా. చివరికి ఆమెకి మంచి రేటింగ్ వచ్చిన ఏడాది, ఆమె నిజంగా కష్టపడింది, నేను పక్కనే ఉండి చూశాను, కానీ ఒక్కడు కూడా కంగ్రాట్స్ మనస్ఫూర్తిగా చెప్పలేదు. మీ అబ్బాయి అప్రైజల్ అయ్యాక చెబ్దాం అంటున్నాడే, అలా చేస్తే తనకి నష్టం అదే. మీ చేతి రేటింగ్ తనకి పనికిరాదు. వేరేవాళ్లు వేసిన రేటింగే తన రెజ్యూమేలో నిలబడుతుంది. ఈ ముక్క తనకి చూపించండి.

మ్యూట్‌లో_ఉన్నా:

అందరికీ చాలా థ్యాంక్స్. నాలుగో_కుర్చీ గారూ మీ రిప్లై తనకి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మనం కూడా నిన్న రాత్రి ప్రాజెక్ట్ రిలీజ్ గురించి మాట్లాడుకున్నాం కదా" అన్నాడు. అవును, మాట్లాడుకున్నాం. మేం ఏం మాట్లాడుకున్నా చివరికి ఆఫీసు దగ్గరికే వస్తుంది, అదో జబ్బు.

పాలసీ చదివాను. కొలీగ్స్ మధ్య ఏమీ లేదు గానీ నేరుగా రిపోర్ట్ చేసేవాళ్లతో అయితే "వెంటనే తెలియజేయాలి" అని ఉంది. వెంటనే అంటే ఎన్ని రోజుల్లో అని లేదు.

పాత_హెచ్ఆర్ గారూ రెండు డౌట్లు. ముందు మేనేజర్‌కి చెప్పాలా హెచ్ఆర్‌కా? రెండోది, తన భయం. తననే కదిలిస్తారు అన్నది నిజమేనా?

పాత_హెచ్ఆర్:

నిజమే, అబద్ధం చెప్పను. చాలాసార్లు కింద పోస్టులో ఉన్నవాళ్లనే కదిలిస్తారు, ఎందుకంటే వాళ్లని మార్చడం కంపెనీకి తేలిక. ఎక్కువసార్లు అది అమ్మాయి అవుతుంది, మీ కేసులో అబ్బాయి, అంతే తేడా. ఇది న్యాయం కాదని నేను సర్వీసులో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

కానీ టీమ్ మారడం వేరు, రిపోర్టింగ్ మారడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది భయపడతారు. తను అదే సీట్లో, అదే ప్రాజెక్ట్‌లో ఉంటూ, రేటింగ్, లీవు, హైక్ మాత్రం పక్క టీమ్ లీడ్ దగ్గరో మీ పై మేనేజర్ దగ్గరో ఉండేలా చేయొచ్చు. పెద్ద ప్రాజెక్టుల్లో పని ఒకరి దగ్గర, రిపోర్టింగ్ ఇంకొకరి దగ్గర ఉండటం మామూలే. కాబట్టి సమస్య మాత్రమే పట్టుకుని వెళ్లకండి, ఈ ఆప్షన్ కూడా చేతిలో పెట్టుకుని వెళ్లండి, మీరు అడగకపోతే వాళ్లకి తోచింది వాళ్లు చేస్తారు. ఒక్కటి గుర్తుంచుకోండి, రేటింగులు ఖాయం చేయడానికి లీడ్లందరూ కూర్చునే మీటింగ్ ఉంటుంది కదా, అక్కడ తన పేరు వచ్చినప్పుడు మీరు బయటికి వెళ్లిపోవాలి. కాగితం మీద రిపోర్టింగ్ మార్చి ఆ రూమ్‌లో కూర్చుంటే మార్చనట్టే.

ముందు ఎవరికి అంటే, మీ మేనేజర్ మంచాయన అయితే ఆయనకి నోటితో చెప్పండి, అదే రోజు హెచ్ఆర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి. మెయిల్ ఎందుకంటే తేదీ ఉంటుంది. అందులో కథ రాయకండి. "ఫలానా తేదీ నుంచి ఫలానా వ్యక్తి నాకు రిపోర్ట్ చేయబోతున్నారు, మా ఇద్దరి మధ్య వ్యక్తిగత సంబంధం ఉంది, అందుకని వారి రేటింగ్, జీతం నిర్ణయాలు వేరొకరికి అప్పగించమని కోరుతున్నాను." చాలు. పంపేముందు తనకి చూపించండి, తన పేరు కూడా ఉంది కదా అందులో.

కోపంగా_లేను:

ఎవరూ అడగలేదు గానీ నేను అడుగుతా. విడిపోతే ఏం చేస్తారు?

శాపం పెట్టట్లేదు, నిజంగా అడుగుతున్నా. నేనూ నా అప్పటి బాయ్‌ఫ్రెండూ విడిపోయాక చాలా నెలలు ఒకే వరుసలో కూర్చున్నాం. కష్టం అనుకున్నవి కష్టం కాలేదు, మీటింగులు, మెయిల్స్ అన్నీ బానే జరిగిపోయాయి. అనుకోనివి చంపేశాయి. ఉదాహరణకి తను లీవ్ పెడితే క్యాలెండర్‌లో కనిపిస్తుంది, ఎక్కడికెళ్లాడో ఎవరితో వెళ్లాడో అని బుర్ర తినేస్తుంది. కామన్ ఫ్రెండ్స్ లంచ్‌కి ఎవరితో వెళ్లాలో తెలీక ఇద్దర్నీ పిలవడం మానేశారు. మాకు కలిసొచ్చిందేంటంటే బాగున్న రోజుల్లోనే ఒక మాట అనుకున్నాం, తెగిపోతే కారణం ఏంటో ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దు, ఎవరడిగినా "కుదర్లేదు" అని ఒక్క మాట, దాని మీద ఇంకో మాట లేదు. ఇద్దరం దాని మీద నిలబడ్డాం. అదొక్కటీ లేకపోయుంటే టీమ్ రెండు ముక్కలయ్యేది, ఎవరిది తప్పు అని పంచాయతీ నడిచేది.

మీరు లీడ్ కాబట్టి మీకు ఇంకో చిక్కు ఉంది. విడిపోయిన మర్నాడు తనకి మీరు కష్టమైన పని ఇస్తే, అది మామూలు పనే అయినా, కక్ష అంటారు. తనే అనొచ్చు కూడా. రిపోర్టింగ్ మార్చడం ఇప్పుడు తన కోసం అనుకుంటున్నారు, అప్పుడు మీ కోసం.

కొత్త_జాయినీ:

అక్కా సారీ మధ్యలో దూరుతున్నా. నాకు పక్క టీమ్‌లో ఒకమ్మాయి అంటే ఇష్టం, ఒకసారి కాఫీకి పిలిస్తే ఈ వారం బిజీ అంది. మళ్లీ అడగొచ్చా? ఎన్నిసార్లు అడగొచ్చు?

పాత_హెచ్ఆర్:

బాబూ, 2018లో పేపర్లలో వచ్చింది, అప్పట్లో గూగుల్, ఫేస్‌బుక్‌లో రూల్ ఏంటంటే కొలీగ్‌ని ఒక్కసారే అడగొచ్చు. ఫేస్‌బుక్ వాళ్లయితే "బిజీ", "ఆ రోజు కుదరదు" లాంటివి కూడా కాదన్నట్టే లెక్క అన్నారు. నీ కంపెనీలో రాసి లేకపోయినా అలాగే అనుకో. ఆ అమ్మాయికి ఇష్టముంటే వచ్చే వారం తనే అడుగుతుంది, నువ్వు ఎక్కడ కూర్చుంటావో తనకి తెలుసు. రోజూ కనపడే చోట రెండోసారి అడిగితే తనకి తప్పించుకునే దారి ఉండదు, రోజూ అదే లిఫ్టు, అదే క్యాంటీన్. మామూలుగా పలకరించు, మామూలుగా ఉండు.

కొత్త_జాయినీ:

ఓకే సార్ 😐

విసుగు_విక్రమార్కుడు:

@మ్యూట్‌లో_ఉన్నా నా మాట వెనక్కి తీసుకోను గానీ పాలసీలో "వెంటనే" అని రాసుంది కాబట్టి మీ కేసులో మాత్రం చెప్పేయండి. మిగతా జంటలందరికీ నా సలహా అదే, రిపోర్టింగ్ లేకపోతే ఎవడికీ చెప్పక్కర్లేదు.

పాత_హెచ్ఆర్:

ఆ రెండో ముక్క మీద మనిద్దరికీ గొడవే లేదు విక్రమార్కుడు గారూ.

మ్యూట్‌లో_ఉన్నా:

అప్‌డేట్ అడిగినవాళ్ల కోసం. చెప్పేశాను. నోట్ పట్టుకుని ప్రిపేర్ అయి వెళ్లాను, మేనేజర్ ఆశ్చర్యపోలేదు, సంతోషపడలేదు, ఆయన మొదటి ప్రశ్న "మరి రిలీజ్ అయ్యేదాకా తన లీవులు ఎవరు చూడాలి?". అంతే. హెచ్ఆర్ ఇద్దరితో విడివిడిగా మాట్లాడారు, నాతో పది నిమిషాలు కూడా పట్టలేదు, తనతో మాత్రం అరగంట, ఎందుకంత సేపు అంటే ఒత్తిడేమైనా ఉందా అని మూడు నాలుగు రకాలుగా తిప్పి తిప్పి అడిగారట. అబ్బాయిని కదా నన్నెందుకు అలా అడుగుతారు అని ముందు నవ్వుకున్నాడట, తర్వాత సీరియస్‌గానే చెప్పాడట.

తను టీమ్‌లోనే ఉంటాడు, ప్రాజెక్ట్ కూడా అదే. రేటింగ్, హైక్, లీవులు అన్నీ పక్క టీమ్ లీడ్ మేడం దగ్గరికి మారాయి. రేటింగ్ మీటింగ్‌లో తన పేరు వచ్చినప్పుడు నేను బయటికి వెళ్లాలని హెచ్ఆర్ మెయిల్‌లోనే రాసిచ్చారు. టీమ్‌కి మేమే చెప్పాం, సోమవారం స్టాండప్ మీటింగ్ చివర్లో రెండు వాక్యాలు, ఒకరిద్దరు నవ్వారు, మిగతావాళ్లు టాస్కుల్లో పడిపోయారు. ఇంట్లో ఆఫీసు మాటలు పూర్తిగా మానేయడం మా వల్ల కాలేదు గానీ టీమ్‌లో ఇంకా తేలని విషయం ఏదైనా వస్తే మాత్రం "అది రేపు మీటింగ్‌లో" అని ఆపేస్తున్నాం, సగం రోజులు పనిచేస్తోంది.

విడిపోతే ఏంటి అన్న మాట కూడా కూర్చుని మాట్లాడుకున్నాం. దాని గురించి ఇక్కడ రాయను.

ఇప్పుడు కొత్త గోల ఏంటంటే ఆ పక్క టీమ్ మేడం లీవుల దగ్గర చాలా స్ట్రిక్ట్, రెండు వారాల ముందు చెప్పకపోతే ఒక్క రోజు కూడా ఇవ్వరట. మొన్న శుక్రవారం లీవ్ రిజెక్ట్ అయిందని, దీనంతటికీ కారణం నువ్వే అని అప్పట్నుంచి నా ప్రాణం తీస్తున్నాడు.